ముడసర్లోవ చెరువు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, ఇప్పుడు దాంతో ఏం పని?

ముడసర్లోవ చెరువు దానంతట అదే ఏర్పడిందా, బ్రిటిష్ వాళ్ళు కట్టించారా అని అడిగారు. అంత చిన్న చెరువుతో విశాఖపట్నం ఎలా బతికింది, మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు వచ్చాక కూడా దాన్ని ఎందుకు ఉంచారు అన్నది మీ రెండో సందేహం. చివర్లో మీ బావగారి మాట కూడా రాశారు: "ఊరి మధ్యలోకి వచ్చేసింది, ఆ నీళ్ళు ఎవరికి చాలుతాయి, పూడ్చి ప్లాట్లు వేస్తే గవర్నమెంటుకి బోలెడు డబ్బు" అని. నేను నీటి సరఫరా పనుల్లోనే ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. నిజం చెప్పాలంటే మీ బావగారి మాట చూశాకే ఇంత పొడుగ్గా రాయాలనిపించింది.

ముందు సూటిగా జవాబు. అది కట్టిన చెరువే. మూడు వైపులా కొండలున్న లోవకి నాలుగో వైపు అడ్డంగా కట్ట వేసి, 1901-02 ప్రాంతంలో, అంటే బ్రిటిష్ వాళ్ళ పాలనలోనే, పట్నానికి తాగునీటి కోసం తయారు చేశారు. సాగు కోసం తవ్వుకున్న పల్లెటూరి చెరువు కాదు. పక్కనున్న పార్కు కూడా 1902 నాటిదే, విశాఖలో ఉన్న పాత పార్కుల్లో ఒకటి. ఇప్పుడు ఊరికి నీళ్ళిచ్చే మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు అన్నీ దీని తరవాత వచ్చినవే.

ఇక ఎందుకు కట్టారో తెలియాలంటే అప్పటి ఊరిని ఒకసారి ఊహించుకోవాలి. పోర్టు లేదు. షిప్‌యార్డు లేదు. యూనివర్సిటీ లేదు. 1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జనం 40,892. ఇప్పుడు మనం వన్‌టౌన్ అంటున్నదే అప్పటి ఊరు. దానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, దాని చుట్టూ ఆటుపోట్లకి మునిగి తేలే చిత్తడి నేల. ఇన్నర్ హార్బరు ఆ చిత్తడి నేలలోంచే తవ్వి తీసింది, 1933లో. అంతకు ముందు అది బురద, మడ పొదలు, ఉప్పునీరు.

అలాంటి చోట బావి తవ్వితే ఏమవుతుంది? ఇసుక నేలలో వాననీరు దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద మీగడలాగా తేలుతుంది. మంచినీటికి బరువు తక్కువ కాబట్టి కలవకుండా నిలుస్తుంది. లెక్క ఏమిటంటే, సముద్రమట్టానికి పైన అడుగు మందం మంచినీరు ఉంటే కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ అదే లెక్క తిరగబడితే, పైన అర అడుగు తోడేసరికి కిందనుంచి ఉప్పునీరు 20 అడుగులు పైకి వస్తుంది. పది మంది తోడుకున్నన్నాళ్ళు తియ్యగా ఉన్న బావి వంద మంది తోడితే చప్పబడి, ఎండాకాలంలో ఉప్పగా మారిపోతుంది. ఇప్పటికీ బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు గీజరుకి తెల్లగా అట్టకట్టడం, కుళాయిలు తుప్పు పట్టడం చూస్తుంటారు కదా, కొంత ఈ బాపతే. ఊరు చిన్నదిగా ఉన్నన్నాళ్ళు బావులతో గడిచింది. పెరిగేకొద్దీ బావులు చాలవు, పైగా ఇళ్ళ మధ్య బావుల్లోకి మురుగు దిగుతుంది. కలరా భయం ఆ రోజుల్లో ఏ రేవు పట్నానికైనా ఉండేదే.

అంచేత ఊరి బయట, ఊరి కన్నా ఎత్తులో, మనుషులు కాపురం లేని చోట నీళ్ళు కావాలి. ఈ మూడూ కలిసిన చోటు వెతికితే ముడసర్లోవ దొరికింది. పాత ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క కంబాలకొండ వరస. ఎగువన ఊళ్ళు లేవు. చెరువు పాత ఊరి కన్నా ఎత్తులో ఉంది. ఇంజినుతో తోడక్కర్లేకుండా, గొట్టం వేస్తే నీరు తనంతట తాను దిగి వస్తుంది. కరెంటే లేని రోజుల్లో ఇది ఎంత పెద్ద విషయమో మోటారు స్విచ్చి నొక్కి బతికే మనకి చప్పున తట్టదు.

"అంత చిన్న చెరువుతో ఎలా బతికారు" అన్నదానికి జవాబు కాకిలెక్కలోనే దొరుకుతుంది. తలకి రోజుకి పది గ్యాలన్లు అనుకోండి, అంటే 45 లీటర్లు. 41 వేల మందికి రోజుకి 18 లక్షల లీటర్ల పైచిలుకు చాలు. స్నానాలకి, బట్టలకి బావులు ఉండనే ఉన్నాయి, కుళాయి నీరు తాగడానికి, వండుకోవడానికి. ఇప్పుడు? 2011 లెక్కల్లో నగర జనాభా 17 లక్షలు దాటింది. ఒక్కొక్కరికి 135 లీటర్లు ఇవ్వాలన్నది పట్టణాల నీటి సరఫరాకి ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. గుణించి చూడండి, రోజుకి 23 కోట్ల లీటర్లు. ఇళ్ళకి మాత్రమే ఇది, ఫ్యాక్టరీల సంగతి వేరు. అప్పటి అవసరానికి ఇది నూట ఇరవై రెట్లకి పైన. చెరువేమో అంతే ఉంది. అది చిన్నబోలేదు, ఊరు దాన్ని దాటిపోయింది, అంతే.

వాన లెక్క కూడా ఒకటి చెప్తాను, మా పనిలో రోజూ వాడేది. ఒక ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్ల పైచిలుకు నీరు. విశాఖకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ వాన, అంటే 40 అంగుళాలు. ఎకరానికి 40 లక్షల లీటర్లు. మరి కొండంతా అడవే, ఎకరాలకి కొదవేముంది అనుకుంటారు. కానీ కొండ మీద పడ్డ నీరంతా చెరువుకి రాదు. కొంత చెట్ల ఆకుల మీదనుంచే ఆవిరైపోతుంది, కొంత నేల తాగుతుంది, కొంత వేర్లు తాగుతాయి. జూన్, జూలైల్లో పడే మొదటి వానలకి చెరువు మట్టం కదలనే కదలదు. ఎండకి బీటలు వారిన నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది. ఆగస్టు దాటాక, నేల తడిసి ఉన్నప్పుడు పడే వాన గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి వస్తుంది. అక్టోబరులో ఒక వాయుగుండం పడితే మూడు రోజుల్లో నిండిపోతుంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు రాత్రి సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాళ్ళు, ఆ 32 కిలోమీటర్ల దారిలో అడివివరం, పైనాపిల్ కాలనీ దాటి ముడసర్లోవ పక్కనుంచే హనుమంతువాకకి దిగుతారు. విశాఖ జనంలో చాలామంది ఈ చెరువుని చూసేది ఆ రాత్రే. ఏడాదిలో అది వట్టిపోయి ఉండే రోజులవి. "ఇదేనా చెరువు" అని అనుకోవడంలో తప్పులేదు. నవంబరులో వచ్చి చూడమనండి.

ఇక్కడ రాతి సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చెరువుకి సగం బలం, సగం బలహీనత అందులోనే ఉన్నాయి. సింహాచలం, కంబాలకొండ, కైలాసగిరి అన్నీ ఖోండలైటు రాయి. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. సరిగ్గా చెరువు కట్టిన రోజులే, కాకతాళీయం. ఈ రాయి గ్రానైటులా గట్టిది కాదు. వేల ఏళ్ళ వానకి, ఎండకి పైపొర మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. మెత్తబడ్డ ఆ పొర నీటిని పట్టి ఉంచి, తరవాత నెమ్మదిగా వదులుతుంది. సింహాచలం గంగధార, మాధవధార ఎండాకాలంలో కూడా పారడానికి కారణం ఇదే. కొండ మీద అడవి ఉన్నంతకాలం వాననీరు నేలలో దిగి, ఊటగా నెమ్మదిగా చెరువుకి చేరుతుంది. అడవి పోయి నేల బోడిదైతే అదే మెత్తటి మట్టి వానకి కొట్టుకొచ్చి చెరువులో పడుతుంది. ఒకే కొండ, ఒకే వాన. చెట్టు ఉంటే నీరు వస్తుంది, లేకపోతే మట్టి వస్తుంది.

పెద్ద వాన పడిన మర్నాడు చెరువు రంగు చూస్తే ఎగువన ఏం జరుగుతోందో చెప్పొచ్చు. చిక్కటి టీ రంగులో ఉంటే ఎక్కడో కొండవాలు తవ్వారనో, కొత్త రోడ్డు వేశారనో అర్థం. అలాంటి రోజు ఫిల్టరు హౌసులో పని రెట్టింపు. వరసగా ఆరు గాజు గ్లాసులు పెట్టి, అన్నిట్లో అదే చెరువు నీరు పోసి, ఒక్కోదాంట్లో పటిక ఒక్కో మోతాదులో వేసి, కాసేపు గట్టిగా, తరవాత మెల్లగా తిప్పుతారు. తిప్పడం ఆపాక గ్లాసుల్లో చూడాలి. ఒకదాంట్లో ఏమీ కాదు, ఎర్రగా అలాగే ఉంటుంది. ఇంకోదాంట్లో మట్టి పొగలా తేలుతుంది, దిగదు. ఒకదాంట్లో మాత్రం దూది పింజల్లాంటి ముద్దలు కట్టి, చూస్తూండగానే అడుక్కి దిగిపోయి, పైన నీరు తేటగా నిలుస్తుంది. ఆ గ్లాసులో వేసిన మోతాదే ఆ పూట ఊరికంతటికీ. పటిక తక్కువైతే ఎంత తేడా చేస్తుందో ఎక్కువైనా అంతే తేడా చేస్తుంది, ఆ మాట కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నమ్మరు, గ్లాసు చూపించాలి.

కట్ట గురించి కూడా నాలుగు మాటలు. ఆ కాలపు మట్టికట్టల్లో నడుమన బంకమట్టి గోడ ఉంటుంది. తడి బంకమట్టిని పొరలు పొరలుగా వేసి, తొక్కి, దిమ్మిస కొట్టి కట్టేవారు. నీటిని ఆపేది అదే. రెండు పక్కలా వేసిన మామూలు మట్టి దాన్ని నిలబెట్టడానికి. నీటి వైపు అలలు కోయకుండా పరిచిన రాతి తొడుగు, దాన్నే రివిట్‌మెంటు అంటాం. నీరు తీసుకోవడానికి తూము, ఎక్కువైన నీరు పోవడానికి అలుగు. ఎంత పెద్ద డ్యామైనా ఇంతే, గేట్లూ కాంక్రీటూ తరవాతి సంగతి.

మట్టికట్టకి ఊట రావడం సహజం. దిగువ వైపు, కట్ట అడుగున, కాస్త చెమ్మ, సన్నటి ధార కనిపిస్తే జనం కంగారు పడిపోతారు. చూడాల్సింది ధార ఉందా లేదా అని కాదు, ఆ నీటి రంగు. తేటగా వస్తోంటే భయం లేదు, కట్ట ఊపిరి పీలుస్తోందని మా పాత మేస్త్రీలు అనేవారు. మురికిగా, మట్టి కలిసి వస్తోంటే మాత్రం అసలు టెన్షన్ అక్కడ మొదలు. లోపల నీరు దారి చేసుకుంటూ మట్టిని మోసుకొస్తోందని లెక్క, ఆలస్యం చేస్తే కట్ట గండిపడుతుంది. అందుకే కట్ట మీద పెద్ద చెట్లు పెరగనివ్వరు. చెట్టు చచ్చాక కుళ్ళిన వేరు ఖాళీలోంచే నీరు దారి తీస్తుంది. ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొరియలు, చెదపుట్టలు అన్నీ ఆ కోవే. వాకింగుకి వచ్చేవాళ్ళు "చక్కగా నీడనిచ్చే చెట్లు కొట్టేస్తున్నారు" అని తిట్టడం నాకు అలవాటే. పార్కులో ఎన్నయినా నాటుకోండి, కట్ట మీద మాత్రం గడ్డే ముద్దు.

ఇంకో చిన్న విషయం. లోతైన చెరువులో నీరంతా ఒక్కటి కాదు. ఎండాకాలంలో పైపొర వేడెక్కి తేలిగ్గా ఉంటుంది, అడుగు పొర చల్లగా, బరువుగా ఉండిపోతుంది. రెండూ కలవవు. అడుగున గాలి ఆడక, బురదలో ఉన్న ఇనుము, మాంగనీసు నీటిలో కరుగుతాయి, ఒక రకం కుళ్ళు వాసన కూడా వస్తుంది. ఆ నీరు గొట్టంలోకి వదిలితే ఊళ్ళో కుళాయిల్లో ఎర్రటి మరకలు, ఫోన్ల మీద ఫోన్లు. నీరు తీసుకునే చోట వేరువేరు ఎత్తుల్లో వాల్వులు పెట్టేది ఇందుకే. ఏ నెలలో ఏది తెరవాలో అన్నది ఆపరేటరు అనుభవం.

చరిత్రకి వస్తాను. పోర్టు వచ్చింది, 1933. 1941లో షిప్‌యార్డుకి శంకుస్థాపన. 1951 నాటికి జనాభా లక్ష దాటింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, అరవైల్లో ఎరువుల ఫ్యాక్టరీ, భారీ యంత్రసామగ్రి చేసే బీహెచ్‌పీవీ, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్. ఇలా ఒక్కోటీ వచ్చి చేరుతుంటే ముడసర్లోవ ఎక్కడ ఆనుతుంది? ఊరు నీటి కోసం పక్క నదుల వైపు చెయ్యి చాపింది. గోస్తని మీద, గంట్యాడ దగ్గర తాటిపూడి రిజర్వాయరు 1963-68 మధ్య కట్టారు. 15 వేల ఎకరాలకి పైగా సాగుకి, దాంతోపాటు విశాఖ తాగునీటికి. మన ఊరు తాగే నీరు ఇంకో జిల్లాలో పడ్డ వాన అన్నమాట. శారద నది మీద దేవరాపల్లి దగ్గర రైవాడ. అక్కడి రైతులు "మా ఆయకట్టుకే చాలని నీరు పట్నానికి పట్టుకుపోతున్నారు" అని ఎన్నో ఏళ్ళుగా ఆందోళన చేస్తూనే ఉన్నారు. నేను పట్నం వైపు ఉద్యోగం చేసినవాణ్ణే, అయినా వాళ్ళ మాటలో న్యాయం లేదని అనలేను.

మేఘాద్రిగెడ్డ కథ కాస్త వేరు. అది ఊరి పడమటి కొండల నీటిని పోగు చేసుకుని, దిగువకి పోయి హార్బరు ప్రాంతంలోనే కలుస్తుంది. గోపాలపట్నం, పెందుర్తి మధ్య దానికి అడ్డంగా రిజర్వాయరు కట్టి, నగరానికి పెద్ద ఆధారం చేశారు. తుపాను రోజుల్లో టీవీలో "మేఘాద్రిగెడ్డ గేట్లు ఎత్తివేత" అని స్క్రోలింగు వస్తే విశాఖలో అందరి చూపూ విమానాశ్రయం వైపే. అది ఆ గెడ్డ దిగువ పల్లంలో ఉంది మరి. 2005 సెప్టెంబరులో రన్‌వే నీట మునిగి విమానాలు ఆగిపోయాయి. 2021లో గులాబ్ తుపానుకి మళ్ళీ విమానాశ్రయం చుట్టూ నీరే. గేట్లు ఎత్తిన ఆపరేటరుని తిట్టి లాభం లేదు. ఎత్తకపోతే కట్టకి ప్రమాదం, ఎత్తితే దిగువకి ముంపు. నీరు పారే పల్లంలో ఏం కట్టినా ఇదే గతి.

అన్నిటికన్నా పెద్ద మలుపు ఉక్కు ఫ్యాక్టరీ. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. దానికి కావలసిన నీరు చుట్టుపక్కల ఏ గెడ్డా ఇవ్వలేదు. అందుకని ఏలేశ్వరం దగ్గర ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకి పైగా కాలువ తవ్వుకొచ్చారు. స్టీల్ ప్లాంట్ దగ్గర కణితి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు అందుకే కట్టారు, కాలువ ఆగినా కొన్నాళ్ళు ఫ్యాక్టరీ ఆగకుండా. అదే కాలువ నీరు ఊరికీ వస్తోంది. తరవాత పురుషోత్తపట్నం ఎత్తిపోతలతో గోదావరి నీటిని ఏలేరులోకి ఎక్కించడం మొదలైంది. అంటే పది పన్నెండు కిలోమీటర్ల నుంచి మొదలైన మన నీటి దారి నూట యాభై దాటి గోదావరి దాకా వెళ్ళింది.

ఇదంతా చదివి మీ బావగారు "నేను చెప్పిందీ అదేగా, ఇక ముడసర్లోవ ఎందుకు" అనొచ్చు. అక్కడికే వస్తున్నాను.

దూరంనుంచి వచ్చే నీటికి మూడు పీకలున్నాయి: కాలువ, పంపు, కరెంటు. ఏది నొక్కినా ఊరు ఎండుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఏమైందో విశాఖలో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్తంభాలు వరసగా కూలిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక పంపులు ఆగాయి. చుట్టూ నీరే, కుళాయిలో చుక్క లేదు, ట్యాంకరు వస్తే బిందెలతో యుద్ధం. అలాంటప్పుడు ఊరికి ఆనుకుని, ఊరికన్నా ఎత్తులో, సొంత కొండ నుంచి నిండే చెరువు ఒకటి ఉండటం ఎంత అదృష్టమో లీటర్ల లెక్కలో కనిపించదు. నా మాట అడిగితే, అసలు సరఫరా ఏలేరు, తాటిపూడి చూసుకున్నా, దగ్గరి చెరువుల్ని ఇలాంటి రోజుల కోసం పోషించుకోవాలి. నగరానికి ఉత్తరాన గంభీరం రిజర్వాయరు కూడా ఆ లెక్కలోదే.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా పెద్దది అనిపించేది. చెరువు అంటే కట్టా, నీళ్ళూ అనుకుంటాం. కట్ట వెనక ఉన్న కొండ కూడా చెరువే. ముడసర్లోవ ఎగువన ఉన్న అడవి ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలోది. తరవాత అటవీ శాఖ చేతికి వచ్చి, 2002లో కంబాలకొండ అభయారణ్యంగా 70 చదరపు కిలోమీటర్ల మేర అడవి నిలిచింది. దాని పక్కనే 1977లో జూ. పది నిమిషాల దూరంలో హైవే, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లు ఉన్న నగరంలో అంత అడవి మిగలడం మామూలు విషయం కాదు. అది మిగలడానికి చెరువొక్కటే కారణమని నేను అనను. కానీ ఊరు తాగే నీరు ఆ కొండ మీదనుంచి దిగుతోంది అన్న మాట, ఆ కొండ జోలికి వెళ్ళబోయేవాడిని ఆపడానికి చేతిలో ఉన్న గట్టి వాదన. చెరువుని రేపు "పనికిరానిది" అని రాసేస్తే ఆ వాదన పోతుంది. ఎల్లుండి కొండవాలు మీదికి ప్రొక్లెయినర్లు ఎక్కుతాయి. హుద్‌హుద్‌లో ఆ అడవి చెట్లు విరిగి కొండంతా బోడిగా కనపడింది, మళ్ళీ పచ్చబడింది. గాలికి పోయిన అడవి తిరిగి మొలుస్తుంది, లేఅవుటు కింద పోయినది మొలవదు.

చెరువుకి ఈ మధ్య కొత్త ఉద్యోగం కూడా దొరికింది. 2018లో నీటి మీద తేలే సోలార్ ప్లాంటు పెట్టారు, 2 మెగావాట్లు, దాదాపు 20 ఎకరాల నీటిమీద. నేల మీద అంత జాగా కొనాలంటే విశాఖలో రేటు మీ బావగారికే బాగా తెలుసు. నీటి మీద తేలే ప్లాస్టిక్ దిమ్మల మీద సోలార్ పలకలు బిగించి, లంగరు తాళ్ళతో కట్టి ఉంచుతారు. చెరువు మట్టం ఎండాకాలానికీ వానాకాలానికీ చాలా మారుతుంది కాబట్టి తాడుకి వదులు సరిగ్గా లెక్కకట్టాలి. బిగుతైతే మట్టం పెరిగినప్పుడు తెగుతుంది, మరీ వదులైతే గాలికి గుంపంతా ఒడ్డుకి కొట్టుకుపోతుంది. నీటి చల్లదనానికి పలకలు నేల మీదకన్నా కాస్త ఎక్కువ కరెంటు ఇస్తాయి. పలకలు కప్పిన మేర నీరు ఆవిరవడం తగ్గుతుంది. మన ఎండలకి తెరిచి ఉన్న చెరువులో ఏడాదికి మీటరున్నర పైచిలుకు నీరు గాల్లో కలిసిపోతుందని గుర్తు పెట్టుకుంటే ఇది చిన్న లాభం కాదు. తరవాత 2021లో సింహాద్రి ఎన్‌టీపీసీ థర్మల్ కరెంటు ప్లాంటు తన రిజర్వాయరు మీద 25 మెగావాట్లది, 75 ఎకరాల్లో పెట్టింది. ముడసర్లోవది దాని ముందు పిల్లదే, కానీ ముందొచ్చింది. చెరువంతా పలకలతో కప్పేయమని మాత్రం నేననను. నీటికి వెలుతురు, గాలి తగలాలి, పక్షులకి కాస్త ఖాళీ ఉండాలి.

పక్షులంటే గుర్తొచ్చింది. కొందరు ముడసర్లోవని కొండకర్ల ఆవతో పోలుస్తుంటారు. రెండూ ఒకటి కాదు. అచ్యుతాపురం వైపు ఉన్న కొండకర్ల ఆవ సహజమైన మంచినీటి సరస్సు. లోతు తక్కువ, తామరలు, తుంగ, పక్షులు దాని సొత్తు. అక్కడ మొక్కలు ఉండాలి. ముడసర్లోవ లాంటి తాగునీటి చెరువులో గుర్రపుడెక్క పెరిగిందంటే మాత్రం ఎక్కడినుంచో మురుగు చేరుతోందని అర్థం. ఎరువు లేనిదే గుర్రపుడెక్క అంత గబగబా అల్లుకోదు. అది తీయించడానికి మిషన్లు తేవడం కన్నా ముందు, మురుగు కాలువ ఎక్కడ కలుస్తోందో గట్టు చుట్టూ ఒకసారి నడిచి చూడటం మేలు.

ఆఖరుగా, మీరు రెండో పోస్టులో ఆరిలోవ వైపు స్థలం చూస్తున్నామని రాశారు కాబట్టి ఇది చెప్పాలి. చెరువు నిండాక అలుగు మీదనుంచి పోయే నీరు ఆరిలోవ, హనుమంతువాక వైపు పల్లానికి, సముద్రం దిక్కుకే పోతుంది. నాలుగేళ్ళు వానలు తక్కువైతే ఆ గెడ్డ ఎండిపోయి, మురుగు కాలువలా సన్నబడుతుంది. సరిగ్గా అప్పుడే దాని ఒడ్డున ప్లాట్లు అమ్ముతారు. బ్రోకరు ఎండాకాలంలో తీసుకెళ్ళి చూపిస్తాడు, మీరు అక్టోబరు వానలో మళ్ళీ వెళ్ళి చూడండి. సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పటం తీయించి గెడ్డ ఎంత వెడల్పు ఉందో కాగితం మీద చూసుకోండి, నేల మీద ఉన్న కాలువతో పోల్చండి. సర్వే నంబరు గెడ్డ పోరంబోకులో ఉందా, 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందా అన్నది రిజిస్ట్రేషన్ ఆఫీసులో కనుక్కోండి. చుట్టుపక్కల పాత ఇళ్ళలో పెద్దవాళ్ళుంటే గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుకి వచ్చిందో అడగండి, వాళ్ళు చేత్తో చూపిస్తారు. మీరు కట్టబోయే ఇంటి బేస్‌మెంటు ఆ మరకకి కనీసం రెండడుగులు పైన ఉండేలా చూసుకోండి. అంత ఎత్తు కుదరదని బిల్డరు అంటే ఆ స్థలం వదిలెయ్యండి.